మన త్రోవలను ఎవరు వ్రాయుదురు?

ఒక జాతి తన్ను దానెఱుగుటకు శాసనములు కలవు, కావ్యములు కలవు, కైఫీయతులు కలవు. కాని ఆ జాతి నివసించు నేల యెట్లుండెనో, ఏ యూరికి ఏ యూరు ఎంత దూరమో, బాటసారికి నీరు పోసినవారెవరో, అంగడిలో బియ్యము దొరకెనో జొన్నలు మాత్రమే దొరకెనో తెలుపునది యాత్రాచరిత్రము. దీనిని మనవారు చిరకాలము వినోదవాఙ్మయముగా నెంచి అలమారులో క్రింది యరకు త్రోసివైచిరి. ఆ యుపేక్షకు మనము చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. మన ముఖమును మనము చూచుకొనుటకు పరుల యద్దమును ఎరువు తెచ్చుకొనవలసి వచ్చినది. ఆ యద్దము కొన్నియెడల వంకర యద్దము.

మోటుపల్లి సంగతిని విచారింతము. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయమిచ్చుచు శాసనము నాటించిన రేవు అది. తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడల సరకును పూర్వరాజులు లాగుకొనుచుండగా, తాను న్యాయమైన సుంకము తప్ప వేఱొండు గొననని ఆ ప్రభువు వాగ్దానము చేసెను. ఆ శతాబ్ది చివరిపాలున వెనీసు వర్తకుడు మార్కోపోలో ఈ దేశమును గుఱించి వ్రాసెను. ఇచ్చట ఒక రాణి న్యాయముగా, సమర్థముగా నేలుచున్నదని చెప్పెను. సాలెగూటి దారములవంటి సన్నని వస్త్రములను మెచ్చెను. వజ్రపుగనులను గుఱించి సర్పములతోను గరుడపక్షులతోను కూడిన ఒక కట్టుకథను గూడ విప్పెను. ఆ రాణి మన రుద్రమదేవి. ఆమెను అతడు చచ్చిపోయిన రాజుగారి భార్య యని వ్రాసినందున ఆ మాటను పట్టుకొని పెద్దపెద్ద చరిత్రకారులే చాలకాలము రుద్రమను గణపతిదేవుని పత్నిగా పేర్కొనుచు వచ్చిరి. ఆమె ఆయన కూతురని మన శాసనములు, మన గ్రంథములు ఘోషించుచుండెను. అయినను ఒక పరదేశీయుని మాటను సరిచేయుటకు మనకు అంతకాలము పట్టినది. నేడు రుద్రమ పేరు రెండు తెలుగు రాష్ట్రములలోను గౌరవముతో నుచ్చరింపబడుచున్నది. ఆ గౌరవమున వెనీసువాని మెప్పునకు కొంత పాలు కలదు. తప్పును మెప్పును ఒక చేతినుండియే వచ్చినవి.

విజయనగరపు కథ ఇంతకంటె విచిత్రమైనది. 1520 ప్రాంతమున డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు ఆ మహానగరమును చూచి రోముతో పోల్చెను. 1535 ప్రాంతమున గుఱ్ఱపువర్తకుడు న్యూనిజ్ ఆ రాజవంశముల చరిత్రను వ్రాసెను. ఈ రెండు వృత్తాంతముల వ్రాతప్రతి పారిసు గ్రంథాలయములో పడియుండగా 1897లో డేవిడ్ లోపెస్ దానిని లిస్బనునందు అచ్చొత్తించెను. 1900లో రాబర్టు సూయలు వానిని ఆంగ్లమునకు మార్చి, తన విజయనగర చరిత్రతో చేర్చి, మఱచిపోయిన సామ్రాజ్యమని ఆ గ్రంథమునకు పేరు పెట్టెను. ఎవరు మఱచిరి? తెలుగువాడు రాయలను ఏనాడును మఱవలేదు. పల్లెటూరి రచ్చబండమీద తెనాలి రామలింగని కథ చెప్పుకొననివాడు ఎవడు? ఆముక్తమాల్యదను వల్లించని పండితు డెవడు? కాని ఆ జ్ఞాపకము కథారూపమున నుండెను. కోట ఎంత పొడవు, బజారులో ఏమి అమ్మిరి, మహానవమినాడు ఏనుగులు ఏ వరుసలో నిలిచెను అను సంగతులకు ఆ జ్ఞాపకములో చోటు లేదు. అవి మనకు పరాయివాని దినచర్యవలన దొరకినవి. రాయలు నడితరపు పొడవువాడనియు, పచ్చని ఛాయవాడనియు, సన్ననివాడు కాడనియు, మొగమున స్ఫోటకపు మచ్చలు కలవనియు పేస్ వ్రాసెను. అష్టదిగ్గజములలో నెవ్వరును ఈ మచ్చల మాట యెత్తలేదు. ఎత్తుదురని ఆశించుటయు న్యాయము కాదు. కవులకు వారి పని వేఱు. మన చలనచిత్రములలోని రాయలకును ఈ మచ్చలు లేవు.

సూయలు గ్రంథము వెలువడిన మఱుసటి యేడు, 1901 సెప్టెంబరు 1వ తేదీని హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము అచ్చయినది. 1913లో బాపట్లయందు ప్రథమాంధ్రమహాసభ కూడినది. ఇవి ఒకదాని కొకటి కారణములని మేము చెప్పము. అట్లు చెప్పుట చరిత్రను గణితముగా మార్చుట. కాని ఆ పదునైదేండ్లలో తెలుగువాడు "మే మెవరము?" అని ప్రశ్నించుకొన నారంభించినప్పుడు అతనికి అందిన సమాధానములలో కొన్ని పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుని సంచిలోనుండి వచ్చినవని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును.

ఎరువు తెచ్చుకొన్న కీర్తికి ఇంకొక దోషము కలదు. దాని మూలమును విచారించు నలవాటు మనకు తప్పిపోవును. తెలుగును తూర్పుదేశపు ఇటాలియను భాష యని పదునైదవ శతాబ్దపు యాత్రికుడు నికోలో కాంటీ మెచ్చెనని సభలలో వినని తెలుగువాడుండడు. కాంటీ తానుగా గ్రంథము వ్రాయలేదు. అతడు చెప్పిన వృత్తాంతమును పోగియో అను పండితుడు లాటినులో వ్రాసిపెట్టెను. ఆ గ్రంథమున ఈ వాక్యము ఫలానాచోట నున్నదని చూపి యుపన్యసించిన వక్తను మే మింతవఱకు ఎఱుగము. రామప్ప దేవాలయము సంగతియు నట్టిదే. దక్కను దేవాలయములను నక్షత్రములుగా నెంచి వానిలో మిక్కిలి ప్రకాశించు తార ఇదియే యని ఎవరో ఐరోపా యాత్రికుడు చెప్పెనట. ఆ యెవరో ఎవరని అడిగిన సమాధానము లేదు. 2021లో యునెస్కోవారు ఆ గుడిని ప్రపంచ వారసత్వముగా గుర్తించిరి. నీటిలో తేలు ఇటుకలతో శిఖరము కట్టి, ఇసుక పఱచిన పునాదిమీద గుడి నిలిపిన శిల్పులకు అనామకుడైన యాత్రికుని యోగ్యతాపత్రము అవసరమా? మన శిల్పమును మనమే చూచి, మన మాటలతో వర్ణించి యుండినచో ఈ యాచన తప్పియుండెడిది.

ఇంతమాత్రమున మనవారు ప్రయాణములు చేయలేదని గాని వ్రాయలేదని గాని యనుకొనరాదు. కాశీకి, రామేశ్వరమునకు, శ్రీశైలమునకు నడచి వెళ్ళిన వారి లెక్క ఎవరికిని అందదు. స్థలపురాణములు కుప్పతెప్పలుగా నున్నవి. కాని స్థలపురాణకర్తకు దేవుడు ముఖ్యము, తీర్థము ముఖ్యము, ఫలశ్రుతి ముఖ్యము. త్రోవ ముఖ్యము కాదు. త్రోవను వ్రాయవలెనను బుద్ధి మనలో పుట్టి, పుస్తకరూపమున నిలిచినది ఏనుగుల వీరాస్వామయ్యగారితో.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అనగా దుబాసీ, ఉద్యోగము చేసినవారు. 1830 మే 18వ తేదీని చెన్నపట్టణమున బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3వ తేదీని తిరిగి ఇల్లు చేరిరి. తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, జగన్నాథము. అచ్చటనుండి గంజాముమీదుగా సముద్రతీరము వెంబడి తిరుగుప్రయాణము. పదునైదు మాసములకు పైబడిన ఆ యాత్రలో తాము చూచినదెల్ల తమ స్నేహితులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి జాబులుగా వ్రాసి పంపుచు వచ్చిరి. ఆ శ్రీనివాసపిళ్ళగారే వానిని కూర్చి 1838లో కాశీయాత్రచరిత్రయను పేర అచ్చువేయించిరి. అప్పటికి వీరాస్వామయ్యగారు కీర్తిశేషులై రెండేండ్లయినది. 1869లో ఆ గ్రంథము మరల అచ్చుపడినది. అటుతర్వాత డెబ్బదియేండ్లకు పైగా దానిని పట్టించుకొన్నవారు అరుదు. 1941లో బెజవాడ న్యాయవాదియు చరిత్రపరిశోధకులు నగు దిగవల్లి వేంకటశివరావుగారు విపులమైన పీఠికతోను, వివరణలతోను దానిని వెలికి తెచ్చియుండనిచో ఈ వ్యాసము వ్రాయు ప్రసక్తియే యుండెడిది కాదు.

ఈ గ్రంథములో నేమున్నది? ఏమి లేదని అడుగుట సులభము. ప్రతి మజిలీకిని వీరాస్వామయ్యగారు ఊరి పేరు చెప్పుదురు. దారి ఇసుకయా, రేగడియా, రాళ్ళా చెప్పుదురు. నీరు బావిదో చెఱువుదో, దిగుటకు సత్రము కలదో తోపునీడయే గతియో, అంగళ్ళెన్ని కలవో, వానిలో ఏయే పదార్థములు దొరకునో చెప్పుదురు. ఆయా సీమలందు ఏ కులమువారు ఏ వృత్తిచేయుదురో, ఏ దొరతనము ఏ పన్ను తీయునో చెప్పుదురు. శ్రీశైలము అప్పుడు కందనవోలు నవాబు అధీనమున నుండెను. నవాబు యాత్రికులయొద్ద పన్ను గొనుచు గుడి మరమ్మతు మాట మఱచిన సంగతిని ఆయన దాచలేదు. తిరుమల కొండ 1843 వఱకు కుంఫిణీవారి యాజమాన్యమున నుండెను గదా. దేవుని కానుకలనుండి ఆ దొరతనమునకు ముట్టు రాబడిని వ్రాయుటయు ఆయన మానలేదు. భక్తుడై చేతులు జోడించిన కోవెలలోనే లెక్కలు గూడ చూచిన ఈ చూపు మన వాఙ్మయమునకు క్రొత్తది. భాష సంగతియు నట్లే. గ్రాంథికమా వ్యావహారికమా యని మన పండితులు కత్తులు నూఱుటకు ఎనుబదియేండ్లు పూర్వమే ఆయన తాను మాటాడు భాషలో, స్నేహితునికి చెప్పినట్లు చెప్పుకొనిపోయిరి. (గ్రాంథికమున వ్రాయుచున్న మేము ఈ మాట అంగీకరించుట పాఠకులకు నవ్వు పుట్టించినను పుట్టించుగాక.)

ఆయన తిరుగుప్రయాణమున తీరాంధ్రమును దాటినది 1831లో. ఈ సంవత్సరమును పాఠకులు మనసున నుంచుకొనవలెను. మఱుసటి యేడు, నందననామ సంవత్సరమున, గుంటూరు మండలమును దాని యిరుగుపొరుగు సీమలను మహాక్షామము మ్రింగినది. 1833లోను అది విడువలేదు. లక్షకు పైగా జనులు మడిసిరి. ఊళ్ళకు ఊళ్ళు పాడుపడెను. మిగిలినవారు చెన్నపట్టణపు త్రోవ పట్టి త్రోవలోనే కూలిరి. ధవళేశ్వరపు ఆనకట్ట పని 1847లో మొదలయి 1852లో ముగిసినది. బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. చెన్నపురి రాజధానిలో మొదటి రైలుబండి 1856లో నడచినది. కాబట్టి కఱవునకు పూర్వము, కాలువలకు పూర్వము, రైలునకు పూర్వము గోదావరి మొదలు నెల్లూరు వఱకుగల తెలుగు నేల ఎట్లుండెనో నడచి చూచి తెలుగున వ్రాసిన వాడు ఈ యొక్కడు మనకు మిగిలెను. ఆయన మజిలీచేసిన పల్లెలలో మఱుసటి యేటికి ఎన్ని యిండ్లలో దీపమారెనో! కలెక్టరుల రిపోర్టులలో ఆ పల్లెలు శిస్తు బాకీలుగా కనబడును. వీరాస్వామయ్యగారి జాబులలో ఆ పల్లెలు నీళ్ళుకలిగి, అంగళ్ళుకలిగి, బాటసారికి చోటుకలిగి కనబడును. జాతికి ఈ రెండవ జ్ఞాపకముకూడ కావలెను.

ఈ జ్ఞాపకము నేటికిని పనిచేయుచున్నదనుటకు నిదర్శనము కలదు. అంతర్జాలమందలి తెలుగు వికీపీడియాలో అనేక గ్రామముల పుటలను తెఱచినచో, 1830లో వీరాస్వామయ్యగారు ఇచ్చట మజిలీచేసి ఇట్లు వ్రాసిరి అను వాక్యము కనబడును. జడచర్ల, మేడ్చల, నిర్మల వంటి యూళ్ళు పట్టణములుగా పెరిగి తమ పూర్వరూపమును తామే గుర్తింపలేనట్లున్నవి. శాసనము లేని యూరికి, కవి పుట్టని యూరికి, యుద్ధము జరుగని యూరికి చరిత్ర యెక్కడిది? ఒక బాటసారి ఒక రాత్రి నిద్రించి, ప్రొద్దున లేచి, నాలుగు పంక్తులు వ్రాసినందున ఆ యూరికి చరిత్ర కలిగినది. పదిమంది కూర్చుండి తమ యూరి పేరును పుస్తకములో చదువుకొన్నప్పుడు కలుగు గర్వమును ఎగతాళి చేయువారు చేయుదురుగాక. దేశాభిమానము మొలకెత్తు పాదు అదియే.

ఆయనలో లోపములు లేవని మేము వాదింపము. ఆయన కుంఫిణీవారి యుప్పు తిన్నవాడు. ఆంగ్లప్రభుత్వము ఈశ్వరసంకల్పమని నమ్మినవాడు. నైజాము సీమలోని యక్రమములను చూచిన కన్ను కుంఫిణీ సీమలోని శిస్తు బాధను అంత నిశితముగా చూడలేదు. పరివారముతో, పల్లకిమీద సాగిన ప్రయాణమది. ఆ పల్లకిని కొండలమీదుగా, ఏళ్ళ బురదలోనుండి, మధ్యాహ్నపు టెండలో మోసిన బోయీలకు ఆ త్రోవ ఎట్లు కనబడెనో! వారు తమ యాత్రను వ్రాసికొనలేదు. ఈ కారణములచేత ఆయనను జాతీయవాదులు తలకెత్తుకొనరాదని కొందఱు మిత్రులు వాదింతురు. మే మొప్పుకొనము. 1830లో స్వరాజ్యమును కోరలేదని ఒక దుబాసీని శిక్షించుట చరిత్రజ్ఞానము గాదు. అతడు చూచినదానిని మఱుగుపఱచక వ్రాసెనా? అదియే ప్రశ్న. వ్రాసెను. దొరలను మెచ్చినచోటను తాను చూచినదానిని చూచినట్లు వ్రాసినందున, ఆ మెప్పును త్రోసిపుచ్చుటకు వలయు సాక్ష్యమునుగూడ మనము ఆయన పుస్తకమునుండియే తీసికొనవచ్చును.

ఆ దశకమునందే గోదావరి యొడ్డున వేఱొక జాబుల గ్రంథము పుట్టినది. రాజమహేంద్రవరమున జడ్జీగానున్న ఒక దొరగారి భార్య 1836 మొదలు 1839 వఱకు తాను స్వదేశమునకు వ్రాసిన జాబులను 1843లో పేరు చెప్పక లండనులో అచ్చువేసెను. జూలియా మెయిట్లండు అను పేర ఆమె తరువాత తెలియవచ్చినది. ఆమె చెడ్డ మనిషి కాదు. రాజమహేంద్రవరమున పాఠశాల పెట్టించినది. తన తెల్లవారి డాంబికమును గూడ ఎగతాళి చేసినది. పురుగులను, పుట్రలను, మొక్కలను శ్రద్ధతో చూచినది. అయినను ఆ జాబులు బంగళా వసారాలో కూర్చుండి వ్రాసిన జాబులు. మెట్లకు దిగువ నిలిచినవా రందఱును ఆమెకు వింతమనుష్యులు. చదువరి నవ్వవలెను, ఆశ్చర్యపడవలెను. ఆ దృష్టి ముందే యేర్పడినది. వీరాస్వామయ్యగారి జాబు చదువువాడు రేపు ఆ త్రోవను నడువవలసినవాడు. అతనికి నీళ్ళు ఎక్కడ దొరకునో చెప్పవలెను. ఎవరికై వ్రాయుదుమో వారినిబట్టి కనబడునది మారును. ఆ బంగళాచూపు ద్వేషముతో కలిసినచో ఏమగునో 1927లో కేథరిన్ మేయో చూపినది. కొన్ని మాసములు తిరిగి ఆమె వ్రాసిన 'మదర్ ఇండియా'ను గాంధీమహాత్ముడు మురుగుకాలువల తనిఖీదారుని రిపోర్టు అని తేల్చెను. లాలా లజపతిరాయిగారు దానికి 1928లో ఒక గ్రంథమంత ప్రత్యుత్తరము వ్రాయవలసివచ్చెను. ఒక యాత్రికురాలి పుస్తకము దేశము దేశమునే బోనెక్కించి సాక్ష్యము చెప్పించినది!

పరుల నిందతో మాత్రమే ఈ వ్యాసమును నింపినచో అది న్యాయము కాదు. మనలో మనము చేసికొన్న యన్యాయముకూడ కలదు. పలనాటిని గుఱించి శ్రీనాథుని పేర ఒక చాటుపద్యము ప్రచారములో నున్నది. అందు ఆ సీమ రాళ్ళకు, జొన్నకూటికి, తేళ్ళకు ఆటపట్టు. సన్నబియ్యము మరిగిన కవిగారు ఒకపూట చిరాకుతో చెప్పిన మాట ఐదు వందలయేండ్లుగా పలనాటివాని నెత్తిమీద కూర్చున్నది. 1967లో నాగార్జునసాగరపు నీరు ఆ నేలకు వచ్చినది, జొన్నచేలు వరిమళ్ళయినవి. పద్యము మాత్రము వాడలేదు. పలనాటి వీరచరిత్రను ద్విపదగా పాడిన గౌరవమునుగూడ ఆ శ్రీనాథునికే లోక మంటగట్టినది. కాని సభలో నవ్వు పుట్టించుటకు ఎవరును ద్విపదను చదువరు. ఇట్లే కోస్తావారు తెలంగాణమును, తెలంగాణమువారు కోస్తాను, ఉభయులును రాయలసీమను, ముగ్గురును ఉత్తరాంధ్రమును ఎన్నడును నడచి చూడకయే మాటలతో చిత్రించుకొన్నారు. నాలుగు ఎకసెక్కెములు, రెండు యాసమాటలు, ఒక సినిమా పాత్ర, ఇవి మన పరస్పర పరిచయము. 1956లో ఒకటైన రాష్ట్రము 2014లో రెండయినది. ఆ విభజనకు రాజకీయ కారణములు, ఆర్థిక కారణములు వేఱు కలవు. వానిలో తలదూర్చుట ఇచ్చట మా యుద్దేశము కాదు. కాని కలిసియున్న ఆ యేబదియెనిమిది సంవత్సరములలో ఒకరి యూళ్ళను ఒకరు శ్రద్ధతో నడచి వ్రాసిన పుస్తకములు ఎన్ని? వేళ్ళు మడిచినచో చేయి నిండదు.

తెలుగువా రిప్పుడు ప్రయాణములు చేయుట లేదా? ముందెన్నడును ఇంతగా చేయలేదు. పోతము జానకమ్మగారు 1873లో ఇంగ్లండునకు వెళ్ళివచ్చి 1876లో తన యాత్రను ప్రకటించినప్పుడు అది లోకవింత. నేడు ప్రతి వీథినుండియు ఒకరు అమెరికాలో నున్నారు. నయాగరా వర్ణన లేని సంచిక లేదు. చేతిఫోనులో చలనచిత్రము తీసి యూట్యూబునం దుంచు యువకులు కోకొల్లలు. వారిని మేము తీసివేయము. కొందఱు మన్యపు సంతలను, ఆదిలాబాదు గోండు గూడెములను, ఉద్దానపు కొబ్బరితోటలను ఎంతో ప్రీతితో చూపుచున్నారు. నాలుగు మైళ్ళు ఎక్కి ఒక పాడుగుడిని చూపిన కుఱ్ఱవాడు ఉద్యోగపురాతత్త్వజ్ఞుని సిగ్గుపడజేసిన సందర్భములు కలవు. కాని అధికసంఖ్యాకులు ఒకరు చూపినదానినే ఒకరు చూపుదురు. హైదరాబాదనగా చారుమినారు, బిరియాని. కోనసీమ యనగా పడవ, పూతరేకులు. వరంగల్లనగా ఒక తోరణము. పేస్ చూచిన కన్నుతో అంగడిలోని ధరలు అడిగినవా రెవరు? వీరాస్వామయ్యవలె ఊరి నీటి సంగతి అడిగినవా రెవరు? ఈ చిత్రములను చూచి మన పిల్లలు తమ దేశమును ఎఱుగుచున్నారు. ఫోనులో లేని యూరు వారికి దేశములోనే లేదు.

ఊళ్ళు నిజముగా మాయమగుచున్న కాలమిది. శ్రీశైలపు ఆనకట్ట కట్టినప్పుడు కృష్ణాతీరమున సుమారు నూఱు గ్రామములు మునిగిపోయినవి. కూడలి సంగమేశ్వరుని గుడిని రాయి రాయి విప్పి అలంపురమునకు తరలించిరి. నివృత్తిసంగమమున నున్న సంగమేశ్వరుడు ఏటేట నీట మునిగి, నీరు తీసినప్పుడు వేసవిలో కొన్ని దినములు మాత్రము దర్శనమిచ్చుచున్నాడు. వీరాస్వామయ్యగారు కృష్ణను దాటి నైజాము సీమలో ప్రవేశించినది ఆ నివృత్తిసంగమపు ప్రాంతముననే. ఆయన వ్రాసినది ఒకటియు, నిర్వాసితులైన వృద్ధుల జ్ఞాపకము ఒకటియు, ఈ రెండు తప్ప ఆ మునిగిన యొడ్డునకు వేఱు చిరునామా లేదు. వృద్ధులు ఒక్కొక్కరే వెళ్ళిపోవుచున్నారు.

2030 మే 18వ తేదీకి ఆ యాత్ర బయలుదేఱి ఇన్నూరు సంవత్సరములు నిండును. శిలావిగ్రహము నెలకొల్పి, పూలమాలలు వేసి, సన్మానపత్రములు చదివి మఱచుటకు మనకు శక్తి చాలినంత కలదు. ఆ పని ఎవరైన చేయుదురు. మేము కోరునది వేఱు. ఆ త్రోవలోని ప్రతి తెలుగు మజిలీయందును ఉన్నతపాఠశాల యొకటి కలదు. లేనిచోట సమీపముననైన కలదు. ఆ పాఠశాల విద్యార్థులు ఉపాధ్యాయునితో కూడి తమ యూరిని గుఱించి వీరాస్వామయ్యగారు వ్రాసిన పంక్తులను చదివి, ఆయన అడిగిన ప్రశ్నలనే మరల అడిగి సమాధానములు వ్రాయవలెను. నీరు ఎక్కడిది? అంగడిలో ఏమి దొరకును, ఏమి దొరకదు? ఆ సత్రము ఏమైనది, దాని మాన్యము ఎవరి పేర నున్నది? (ఈ చివరి ప్రశ్న కొందఱికి రుచింపదు, అయినను అడుగవలెను.) అప్పుడు పల్లకి మోసినవారి సంతతివా రున్నచో, వారి యింటి పెద్దలు ఆ త్రోవను గుఱించి ఏమి చెప్పుకొనెడివారో వ్రాసికొనవలెను. రెండు రాష్ట్రముల విశ్వవిద్యాలయములును కలిసి ఈ వ్రాతలను పరిశీలించి, 1838 నాటి మూలముతోను, శివరావుగారి వివరణలతోను చేర్చి, పటములతో ఒక సంపుటముగా ప్రకటింపవలెను. వెల పల్లెటూరి గ్రంథాలయమునకు అందునట్లుండవలెను.

ఈ పనికి అడ్డంకులు ఇప్పుడే కనబడుచున్నవి. త్రోవ మొదలగుచోటు చెన్నపట్టణము. అది 1953నుండియు మన రాష్ట్రములోనిది కాదు. త్రోవ మొత్తముమీద నేటి లెక్కకు తొమ్మిది రాష్ట్రములనైన తాకును. ఇది నా పని కాదు, నీ పని యని ఆంధ్రప్రదేశపు శాఖ తెలంగాణపు శాఖకును, తెలంగాణపు శాఖ ఆంధ్రప్రదేశపు శాఖకును కాగితములు పంపుకొనుచు 2030 దాటించుట అసంభవము కాదు. అందుచేత ప్రభుత్వములకొఱకు ఎదురుచూడక గ్రంథాలయసంఘములు, చరిత్రాధ్యాపకులు, ఆ యా యూళ్ళ యువకులు ముందుగానే పూనుకొనవలెను. ఆత్మకూరునుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలనుమీదుగా శ్రీశైలమునకు పోవు పాతదారి ఇప్పుడు పులుల యభయారణ్యములో నున్నది. ఉగాదికి నడచివచ్చు కన్నడ యాత్రికులు నేటికిని ఆ దారిని విడువలేదు, కాని తక్కిన కాలమున అడవిశాఖవారి యనుమతి లేక అడుగుపెట్ట వీలుకాదు. సంగమేశ్వరపు గుడి నీటినుండి బయటపడునదియు వేసవిలోనే. కాబట్టి ఆ భాగమును నడువదలచినవారు చలికాలముననే అర్జీలు పెట్టుకొనవలెను.